ఎర్రదా, నీలిదా, గోధుమ రంగుదా?

మన వార్షికోత్సవ సంచికలో పాత విద్యార్థులు రాసేవి మామూలుగా రెండు రకాలు. ఒకటి, హాస్టల్లో పడిన కష్టాలు. రెండోది, ఆ కష్టాలు పడ్డాక వచ్చిన ఉద్యోగాలు. రెండూ చదవదగ్గవే, మేమూ చదివి కళ్ళు తుడుచుకున్న వాళ్ళమే. ఈసారి మాత్రం మేము కీబోర్డు గురించి రాస్తున్నాం. కీబోర్డు గురించి కూడా కాదు, ఒక్కో కీ కింద దాక్కుని ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బీ గురించి. దాన్ని స్విచ్ అంటారు. తమ్ముళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. స్టడీ రూములో ఇప్పుడు మీ వేళ్ళ కింద ఉన్నవి అవే.

మేము అంటే 2004లో ఇక్కడ పదో తరగతి రాసి వెళ్ళిన బ్యాచ్‌లో ఇంకా కలుసుకుంటూ ఉన్న వాళ్ళం. మాలో ఒకడు కోర్టులో టైపిస్టు. ఒకడు డి.టి.పి. సెంటర్ పెట్టుకుని పెళ్ళి కార్డుల నుంచి కరపత్రాల దాకా కొడుతున్నాడు. ఒకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. ఒకడు ఆటో నడుపుతున్నాడు. మిగతా వాళ్ళం అక్కడా ఇక్కడా. స్టడీ రూములో కంప్యూటర్లు మూడు ఉన్నా కీబోర్డులు సరిగ్గా పనిచెయ్యడం లేదని, ఒకదానికి ‘ఇ’ పడదనీ, ఇంకోదానికి స్పేస్ పడాలంటే గుద్దాలనీ పిల్లలు చెప్పారు. తలా కొంత వేసుకుని కొత్తవి కొనిద్దాం అనుకున్నాం. ఆటో మిత్రుడు అందరికంటే ముందు అయిదు వందలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ నోటు చూశాక డబ్బు ఎలా పడితే అలా ఖర్చు పెట్టడానికి మాకెవరికీ మనసొప్పలేదు. ఏడాదికే మూలన పడేవి కొనకూడదు. పిల్లలు ముట్టుకోకుండా బీరువా పైకెక్కేవి అసలే కొనకూడదు.

పాతవి ఎందుకు పోయాయో ముందు విప్పి చూశాం. మామూలు కీబోర్డు లోపల ఒక రబ్బరు షీటు, దానిమీద కీకి ఒకటి చొప్పున బోర్లించిన గిన్నెల్లాంటి బుడిపెలు ఉంటాయి. దాని కింద తీగల బొమ్మ అచ్చువేసిన పలుచని ప్లాస్టిక్ పొరలు. కీ నొక్కితే బుడిపె అణిగి, పై పొరను కింది పొరకు తాకిస్తుంది. అప్పుడు అక్షరం పడుతుంది. అంటే దాదాపు అడుగుదాకా నొక్కాల్సిందే. రబ్బరు కొన్నేళ్ళకు బిరుసెక్కుతుంది, లేదా చచ్చుబడిపోతుంది. ఒక్క బుడిపె పోయినా దాన్నొక్కదాన్నే మార్చడం తేలిక కాదు, మామూలుగా మొత్తం కీబోర్డు అవతల పారేస్తారు.

మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని విప్పితే నాలుగే వస్తువులు. పైనా కిందా రెండు డొప్పలు, మధ్యలో రంగు కాడ, కాడ కింద స్ప్రింగు, పక్కన ఒకదానికొకటి తాకడానికి సిద్ధంగా రెండు సన్నని లోహపు రేకులు. కాడ కిందికి దిగుతూ రేకులను కలవనిస్తుంది. మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు అయితే సగంలోనే, అంటే 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. మిగతా సగం వేలు ఆగడానికి. ఈ తరహా స్విచ్‌ను జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల మొదట్లో ఎమ్.ఎక్స్. అనే పేరుతో తెచ్చింది. 2014 ప్రాంతంలో ఆ పేటెంట్ గడువు తీరిపోయాక గేటెరాన్, కైల్, అవుటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతల్లో విస్తారంగా చేసి పోశాయి. ధర మనలాంటి వాళ్ళకు అందుబాటులోకి వచ్చింది అందుకే.

సరే, కొందాం అనుకోగానే అంగడివాడు అడిగిన మొదటి ప్రశ్న: “రెడ్డా, బ్లూనా, బ్రౌనా?” మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. సాఫ్ట్‌వేర్ వాడు ఎర్రది అన్నాడు. కోర్టువాడు నీలిది అన్నాడు. డి.టి.పి. వాడు రెండూ వద్దన్నాడు. హాస్టల్లో కూర విషయంలో కూడా వీళ్ళు ముగ్గురూ ఎప్పుడూ ఒక మాట మీద ఉన్నది లేదు.

రంగు అందానికి కాదు. లోపలి కాడ రంగు అది, కాడ ఎలా చెక్కారో చెప్పే గుర్తు. ఎర్రదాని కాడ నునుపు. పైనుంచి కిందిదాకా ఏ అడ్డూ లేకుండా దిగుతుంది. గోధుమ రంగుదానికి మధ్యలో చిన్న గూను ఉంటుంది, రేకు దానిమీదుగా జారుతుంటే వేలికి సన్నగా తగులుతుంది, అక్షరం పడిందని తెలుస్తుంది. నీలిదానికి కాడ రెండు ముక్కలు. కింది ముక్క గూను దాటగానే టిక్కుమని కొట్టుకుంటుంది, వేలికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. చెర్రీ వాళ్ళ లెక్క ప్రకారం ఎర్రదానికి 45 సెంటీన్యూటన్ల బలం కావాలి, గోధుమదానికి 55, నీలిదానికి 60. సెంటీన్యూటన్ అంటే ఇంచుమించు ఒక గ్రాము బరువని ఫిజిక్స్ చదివే తమ్ముళ్ళకు చెప్పక్కర్లేదు. వేరే కంపెనీల రంగులు కూడా దాదాపు ఇవే, కానీ అచ్చంగా ఇవే కావు. ఒకరి నీలిది ఇంకొకరి నీలిదానికంటే గట్టిగా ఉండొచ్చు. అందుకే పెట్టె మీద రంగు చూసి కొనకుండా వేలు పెట్టి చూసి కొనాలి.

మేము వేలు పెట్టడమే కాదు, తూకం కూడా వేశాం. మూడు రంగులూ తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చి, పక్క కీల టోపీలు పీకేసి, నడిమి కీ మీద చిన్న రబ్బరు ముక్క పెట్టి, దానిమీద ఒక్కొక్కటిగా బిళ్ళలు పేర్చాం. 2011 రకం ఐదు రూపాయల బిళ్ళ సరిగ్గా 6 గ్రాములు. ఎర్రదానికి ఎనిమిదో బిళ్ళకు తెర మీద అక్షరం వచ్చింది. గోధుమది తొమ్మిదోది పెట్టగానే జారిపడ్డట్టు ఒక్కసారిగా దిగింది. నీలిది పదో బిళ్ళకు టిక్కుమంది. స్టడీ రూములోని పాత రబ్బరు కీబోర్డుల్లో ఒకటి పదకొండు దాటినా కదల్లేదు, బిళ్ళలు కూలి టేబుల్ కిందికి దొర్లాయి. వాటిని ఏరుకునేటప్పుడు పిల్లలు సరిగ్గా లెక్కపెట్టి తిరిగిచ్చారని ఇక్కడ రాయమన్నారు. రాశాం.

కోర్టువాడు నీలిదాని కోసం అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంటర్‌లో ఉండగా మాలో అయిదుగురం బస్టాండు పక్క మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నాం. ఫీజు కట్టలేని నెలల్లో పొద్దున్నే వెళ్ళి మిషన్ల మీద దుమ్ము తుడిచి, నూనె వేసి ఆ లెక్క సరిచేసేవాళ్ళం. గోద్రెజ్ మిషన్లు, రెమింగ్టన్ మిషన్లు. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అని వారం రోజులు అదే. చిటికెన వేలు ‘ఏ’ మీద బలం చాలక కాగితం మీద అక్షరం మసగ్గా పడేది, మాస్టారు వెనక నుంచి వచ్చి ఆ వేలి మీదే స్కేలుతో కొట్టేవారు. పది మిషన్లు ఒకేసారి మోగుతుంటే కింద టీ కొట్టు వాళ్ళకు మాటలు వినపడేవి కావు. ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. ఆ కాగితం ఉంటేనే టైపిస్టు పోస్టుకు దరఖాస్తు. మన కోర్టువాడి ఇంట్లో మొదటి నెలజీతం వచ్చింది ఆ చప్పుడు వల్లే. గోద్రెజ్ వాళ్ళు 1955లో మొదలుపెట్టిన టైపు మిషన్ల తయారీని 2009లో ఆపేశారు. వాడి చెవిలో మాత్రం ఆగలేదు. “చప్పుడు లేకపోతే అక్షరం పడ్డట్టు నాకు నమ్మకం కుదరదురా” అంటాడు. అది ఉత్త మోజు అని మేం అనుకోం. చెవితో లయ పట్టుకుని కొట్టేవాడికి తప్పు పడినప్పుడు తెర చూడకముందే తెలుస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్ వాడి వాదం. పొద్దంతా కొట్టేవాడికి 60 గ్రాములకూ 45 గ్రాములకూ తేడా సాయంత్రం మణికట్టులో తెలుస్తుందంటాడు. నిజమే. కానీ ఎర్రదాంతో చిక్కు ఏమిటంటే, వేళ్ళు ఊరికే ఆనించినా అక్షరాలు పడతాయి. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు హోమ్ కీల మీద వేళ్ళ బరువంతా వేసి కూర్చుంటాడు. మేం ఎనిమిదో తరగతి వాడిని ఒకడిని కూర్చోబెట్టి చూశాం. వాడు తన పేరు రాసేలోపు పేరు మధ్యలో నాలుగు ‘ఎఫ్’లు దూరాయి.

డి.టి.పి. వాడు అన్నిటినీ పక్కన పెట్టి ఒకటే అడిగాడు. “రాత్రి పూట ఎవడు కొడతాడు, ఎవడు పడుకుంటాడు?” అసలు సంగతి అదే. మన స్టడీ రూముకూ పెద్ద హాలుకూ మధ్య ఉన్న తలుపు మేం చదివే రోజుల నుంచీ సరిగ్గా మూసుకోదు. ట్రంకు పెట్టెలు వరసగా పెట్టుకుని, వాటి పక్కనే చాపలు పరుచుకుని పడుకునే హాలు అది. స్టడీ అవర్ అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చునేవాడు ఒకడుంటే, నిద్రపోవాల్సిన వాళ్ళు ముప్పై మంది. ఆ ముప్పై మంది కళ్ళు మూసుకుని ఓర్చుకోవాలా, లేక ఆ ఒక్కడు ఉద్యోగం ప్రాక్టీసు మానుకోవాలా? ఈ రెండూ కాకుండా చూసే స్విచ్చే మాకు కావాలి.

అందుకని వార్డెన్ గారి అనుమతి తీసుకుని ఒక శనివారం రాత్రి ఇక్కడే ఉండిపోయాం. వాచ్‌మన్ తాత కూడా ఉత్సాహంగా కుర్చీ తెచ్చుకున్నాడు. డిగ్రీ చదివే తమ్ముడొకడు లోపల కూర్చుని మూడు కీబోర్డుల మీదా ఒకే పేజీ కొట్టాడు. హాల్లో పిల్లలు లైట్లార్పి పడుకుని చెవులు రిక్కించారు. నీలిది మొదలవగానే గోడ పక్క చివరి చాప మీదివాడు లేచి కూర్చున్నాడు. “అన్నా, అటుకులు వేయించినట్లు మోగుతుంది, నిద్ర పడ్తలేదు” అన్నాడు. కోర్టువాడు చీకట్లో ఏమీ మాట్లాడలేదు. గోధుమది మధ్య వరస దాకా వినపడింది. విచిత్రంగా ఎర్రదీ అంతే వినపడింది! స్విచ్‌లో టిక్కు లేకపోయినా కీ అడుగుకు కొట్టుకునే చప్పుడు ఉంటుంది, అది టేబుల్ చెక్కలోకి దిగి మోగుతుంది. ఒక పిల్లవాడు తనంతట తానే పాత దుప్పటిని నాలుగు మడతలు చేసి కీబోర్డు కింద వేశాడు. చప్పుడు సగానికి సగం పోయింది. పక్కనే ట్రంకు పెట్టె మీద పెట్టి కొట్టి చూశాం, డప్పు కొట్టినట్టు మోగింది. దయచేసి ట్రంకు మీద పెట్టి ఎవరూ కొట్టకండి.

నాలుగో రకం కూడా ఒకటి పట్టుకెళ్ళాం, సైలెంట్ అంటారు. ఎర్రదాని వంటిదే, కాకపోతే కాడకు మెత్తని రబ్బరు దిండ్లు ఉంటాయి. కింద తగిలేటప్పుడు, పైకి వచ్చి తగిలేటప్పుడు రెండు చోట్లా చప్పుడును మింగేస్తాయి. దుప్పటి మీద పెట్టి దాన్ని కొడితే తలుపు దగ్గరి చాపవాడికి తప్ప ఎవరికీ వినపడలేదు. వాడికి కూడా వినపడిందా, ఊహించుకున్నాడా అని అనుమానం. వేలికి మాత్రం కాస్త బురదలో నొక్కినట్టుంటుందని కొట్టిన తమ్ముడు అన్నాడు. పగలు వాడటానికి అంత బాగుండదు.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ స్విచ్చుల గురించి మాట్లాడే వాళ్ళందరూ ఇంగ్లీషు కొట్టేవాళ్ళే. మన డి.టి.పి. వాడు అను ఫాంట్లలో ఆపిల్ కీబోర్డు మీద చెయ్యి తిరిగినవాడు. వాడి మాట వదిలేద్దాం, వాడిని ఇప్పుడు మార్చలేం. పిల్లలు నేర్చుకుంటున్నది ఇన్‌స్క్రిప్ట్. అందులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. పొల్లు వచ్చేది ‘డి’ కీ మీద. తెలుగులో ప్రతి వత్తుకూ పొల్లు కొట్టాల్సిందే. ‘స్త్రీ’ అని రాయాలంటే ఆరు నొక్కులు, అందులో రెండు ‘డి’. ‘రాష్ట్రం’లోనూ రెండు. పైగా షిఫ్ట్ పట్టుకుని అదే కీ కొడితే ‘అ’. పాపం ఎడమ నడిమి వేలు. పాత కీబోర్డుల్లో ముందు అరిగి, అక్షరం చెరిగిపోయింది కూడా ఆ కీయే.

ఇంకో తమాషా. నీలి స్విచ్‌కు ఒక లోపం ఉందంటారు. టిక్కుమన్న చోటు ఒకటి, వదిలినప్పుడు మళ్ళీ సిద్ధమయ్యే చోటు ఇంకొంచెం పైన. అందువల్ల ఒకే కీని వెంటవెంటనే రెండుసార్లు కొట్టడం కాస్త కష్టం. ఇంగ్లీషులో ‘లెటర్’ అనే మాటలో రెండు ‘టి’లు పక్కపక్కనే వస్తాయి కదా, అలాంటి చోట. తెలుగు ద్విత్వంలో ఆ బాధ లేదు. ‘అమ్మ’ కొట్టేటప్పుడు రెండు ‘మ’ల మధ్య పొల్లు వచ్చి కూర్చుంటుంది, ఆ కీకి ఊపిరి పీల్చుకునే టైము దొరుకుతుంది. ఇది చూసి కోర్టువాడు, తెలుగుకు నీలిదే తగినదని మళ్ళీ మొదలుపెట్టాడు. చివరి చాపవాడిని అడిగి రమ్మన్నాం.

పరీక్షల మాట. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ సి.హెచ్.ఎస్.ఎల్. టైపింగ్ పరీక్షలో ఇంగ్లీషుకు నిమిషానికి 35 మాటలు, అంటే గంటకు 10,500 నొక్కుల వేగం. పరీక్ష పది నిమిషాలు. అంటే 1,750 నొక్కులు. ఆ పది నిమిషాల కోసం నెలల తరబడి కొట్టాలి. అందుకు గోధుమది మేలని మేం తేల్చుకున్నాం. గూను తగలగానే అక్షరం పడిందని తెలుస్తుంది గనుక వేలు అడుగుదాకా గుద్దాల్సిన పని లేదు, ఆ అలవాటు పడ్డవాడు తొందరగా అలిసిపోడు. వేలు ఆనిస్తే పడిపోయేంత తేలికా కాదు. గూను మరీ చిన్నదని, సందులో ఇసుక రేణువు పడ్డట్టుందని కోర్టువాడు ఎద్దేవా చేశాడు. అందులోనూ కొంత నిజం ఉంది. కానీ పరీక్ష హాల్లో ఎదురయ్యేది ఎక్కువగా రబ్బరు కీబోర్డే. మెకానికల్ మీద వేగం వచ్చినవాడు అక్కడ తడబడకూడదు. అందుకని పాతవాటిలో బాగున్న బుడిపెలు ఏరి, ఒక రబ్బరు కీబోర్డును బాగు చేసి ఉంచాం. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి దానిమీదే కొట్టండి.

కొన్నవి చెబుతాం. మూడు కీబోర్డులు, మూడూ గోధుమవి, ఒక్కోటి రెండు వేలకు అటూ ఇటూ. 104 కీలవి. నంబర్ ప్యాడ్ లేని 87 కీలవి చవగ్గా, ముచ్చటగా ఉన్నాయి గానీ డేటా ఎంట్రీకి అంకెలు కొట్టేవాడికి ఆ కుడి పక్క 17 కీలే అన్నం పెడతాయి. మూడూ హాట్‌స్వాప్ రకం. అంటే టంకం పని లేకుండా స్విచ్‌ను చేత్తో పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. రాత్రి పూట వాడే మూల కంప్యూటర్ కోసం విడిగా 87 సైలెంట్ స్విచ్చులు తెచ్చి మార్చాం. నంబర్ ప్యాడ్‌కు గోధుమవే ఉంచేశాం, రాత్రి పూట అంకెలు కొట్టేవాళ్ళు తక్కువ. అందువల్ల 87 గోధుమ స్విచ్చులు మిగిలాయి. అవి ఇక ముందు పోయేవాటికి బదులు. పోతాయా అంటే, చెర్రీ వాళ్ళు తమ ఎర్రదానికి 10 కోట్ల నొక్కులు ఆయుష్షు చెబుతారు. గంటకు 10,500 నొక్కుల్లో పదో వంతు ఒకే కీ మీద పడినా, రోజుకు ఎనిమిది గంటలు ఆదివారం కూడా మానకుండా కొట్టినా 32 ఏళ్ళు పడుతుంది. మనవి చవక రకం, అందులో సగం బతికినా చాలు. కానీ గది కడిగేటప్పుడు బకెట్టు నీళ్ళు చిందితే ఏ కోట్ల లెక్కా పనికిరాదు. కామాటి అక్కకు చెప్పాం, మీరూ చూసుకోండి.

మిగిలిన స్విచ్చులు బిస్కట్ల రేకు డబ్బాలో పోసి వార్డెన్ గారి బీరువాలో పెట్టాం. పీకే చిమటా కూడా అందులోనే ఉంది. ఏదైనా కీ పడకపోతే ముందు టోపీ తీసి, చిమటాతో స్విచ్ రెండు పక్కలా పట్టి నిటారుగా పైకి లాగండి, వంకరగా లాగకండి. కొత్తది పెట్టేముందు కింది రెండు రాగి కాళ్ళు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోండి. వంగిన కాలితో నొక్కితే అది మడతపడి లోపలికి పోదు, మనకు పోయిందని భ్రమ. బయట కొనాల్సి వస్తే పాతదాన్ని ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. చవక బోర్డుల్లో కొన్నిటి సాకెట్లు సన్న కాళ్ళ అవుటెము స్విచ్చులనే పట్టుకుంటాయి, వేరేవి దిగవు. కొన్నిటికి అదనంగా రెండు ప్లాస్టిక్ కాళ్ళు ఉంటాయి, మన బోర్డుకు ఆ రంధ్రాలు లేవు గనుక గోళ్ళు తీసే కట్టరుతో వాటిని కత్తిరించండి, రాగివాటిని మాత్రం ముట్టుకోకండి. టోపీలు తిరిగి పెట్టేటప్పుడు ‘ఎఫ్’, ‘జె’ల మీది గీతలు వాటి చోటనే ఉండాలి, లేకపోతే చూడకుండా కొట్టేవాడి చేతులు దారి తప్పుతాయి.

డబ్బా అడుగున కాగితంలో చుట్టి మూడు నీలి స్విచ్చులు కూడా ఉంటాయి. అవి మేం కొన్నవి కావు, కోర్టువాడు ఎప్పుడు వేశాడో వేశాడు. పగటిపూట ఎవరైనా ‘డి’ కింద ఒకటి పెట్టి నాలుగు పేజీలు తెలుగు కొట్టి, ఎలా ఉందో వాడికి చెప్పండి. రాత్రి తొమ్మిది దాటక ముందే తీసెయ్యండి.